వానకి నీరుగారని పనస

పనసకాయ కోసే ముందు చేతులకీ కత్తికీ కొబ్బరినూనె రాసుకోవాలి. జడ వేసుకోవడం కంటే ముందు మా అమ్మ నాకు నేర్పిన పని అది. రాసుకోకపోతే జిగురు వేళ్ళ సందుల్లో పట్టుకుని రెండు రోజులు వదలదు, ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటుంది. పాతికేళ్ళ పైగా ఈ ఇంట్లో పనసకాయలు కోస్తున్నదాన్ని, ఆ సోమవారం మధ్యాహ్నం నూనె మాటే మరిచిపోయాను. వంటింటి వెనక వసారాలో పాత పేపర్లు పరిచి, కాయని రెండు చెక్కలు చేసి, తెల్లటి పాలు మణికట్టు దాకా కారాక గాని గుర్తు రాలేదు.

బుధవారం మా ఇంటికి పనస పరిశోధన కేంద్రం వాళ్ళూ, పంచాయతీ వాళ్ళూ వస్తున్నారు. మా వంటింటి వెనకున్న చెట్టుకి బోర్డు కడతారు. దాని కొమ్మలతో అంట్లు కట్టి ఊరూరా పంచుతారు. వచ్చినవాళ్ళకి చిప్స్ వేయించాలి, బెల్లం పోసి పనసపండు పాకం తిప్పాలి, గింజల కూర చేయాలి. ఇవన్నీ ఎవరు చేస్తారని ఇంట్లో ఎవరూ అడగలేదు. మా ఆయన జోయి ముందు గదిలోంచి కేకేశారు. "రోసిలీ, చిప్స్ సన్నగా తరుగు. ఈస్టరుకి మొద్దుల్లా తరిగావు. వచ్చేది పెద్దవాళ్ళు."

మా అత్తగారు ఏలిక్కుట్టి నా పక్కనే పీట మీద కూర్చుని పనస గింజల పొట్టు గీకుతోంది. ఎనభై మూడేళ్ళు. కళ్ళలో శుక్లాలు, వేళ్ళతోనే చూస్తుంది. ఆమె ముఖంలోకి చూడకుండా పని చేసుకోవడం నాకు ఏడాదిగా అలవాటైపోయింది. ఎందుకంటే ఆ చెట్టు విషయంలో నేను ఆమెకి అన్యాయం చేశాను. నోటితో అబద్ధం చెప్పాను, చేత్తో అబద్ధం రాశాను.

రెండేళ్ళ కిందట పరిశోధన కేంద్రం వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో పనసచెట్ల లెక్క తీయడానికి ఆడవాళ్ళని పెట్టుకున్నారు. పదో తరగతి చాలన్నారు, నేను డిగ్రీ రెండో ఏడు దాకా చదివాను. చేరతానంటే మా ఆయన తన స్నేహితులిద్దరి ముందు నవ్వారు. "పనసచెట్టు నడుం కొలవడానికి కూడా ఉద్యోగమా? ముందు ఇంట్లో నీ నడుం కొలుచుకో." వాళ్ళూ నవ్వారు. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి వచ్చేశాను. అయినా చేరాను. ఒక్కో చెట్టుకి నలభై ఒక్క గడుల ఫారం. మొదలు చుట్టుకొలత ఎంత, బెరడు గరుకా నునుపా, తల గొడుగులా విచ్చుకుందా గోపురంలా లేచిందా, కాయ మానుకి కాస్తుందా కొమ్మలకి కాస్తుందా, ముళ్ళు మొనదేలాయా మొద్దుబారాయా, తొన మందం, రంగు, పీచు, జిగురు, చివరికి తీపి కొలిచే గాజుబిళ్ళ మీద ఒక చుక్క రసం. కావాలనుకుంటే పనస వేరుకైనా కాస్తుందని మా వైపు సామెత. అది ఉత్త సామెత కాదని ఆ ఏడాది కళ్ళారా చూశాను. ఒక ఇంట్లో మట్టి తవ్వి కాయ తీశారు.

ఒకే పండులోని గింజలు పది చోట్ల పాతితే పది రకాల చెట్లొస్తాయి. ఒక తల్లి పిల్లలకి పోలిక ఉన్నంత కూడా ఉండదు. గట్టి తొనల వరిక్క గింజ పాతితే మెత్తగా జారిపోయే కూళ మొలవచ్చు, కూళకి వరిక్క పుట్టవచ్చు. కానీ ఇళ్ళలో మర్యాద మాత్రం ఎప్పుడూ వరిక్కదే. వరిక్క ముందు గదిలోకి, చుట్టాలకి. కూళ వెనక వసారాలోకి, ఆడవాళ్ళకి, పనివాళ్ళకి, ఆవులకి. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా మామగారు పైలి, తన కొడుకుని వేళాకోళం చేశారు. "వరిక్క తెస్తావనుకుంటే కూళ తెచ్చావేంట్రా. వేలు పెడితే దిగబడిపోయేట్టుంది." నేను మెతకగా మాట్లాడతానని ఆ మాట. ఆయన పోయి పన్నెండేళ్ళయినా అది పోలేదు.

ఆ ఫారంలో ఏడో గడి, "ఈ రకాన్ని ఎంచి పెంచినవారు." ఏ ఇంటికెళ్ళినా ఒకటే తంతు. మగవాళ్ళు అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుని "ముప్పయ్యేళ్ళుంటుంది, బాగా కాస్తుంది" అంటారు. అంతకు మించి తెలియదు. తలుపు చాటు నుంచి ఒక గొంతు మెల్లగా వస్తుంది. "ముప్పై కాదు, మా రెండోదాని పురిటి ఏడు పాతాను. మొదటి కాయ తూర్పు కొమ్మకి. చివరి కాతలో పీచెక్కువ." ఆ తలుపు చాటు గొంతు చెప్పిందంతా మిగతా గడుల్లో నింపి, ఏడో గడిలో అరుగు మీద మనిషి పేరు రాసేదాన్ని. నూట పన్నెండు ఫారాల్లో నూట తొమ్మిదింట్లో మగవాళ్ళ పేర్లే. మిగతా ముగ్గురూ వితంతువులు. తప్పని తెలియక కాదు. గొడవెందుకని. గొడవెందుకు అన్న ఆ ఒక్క మాటతోనే నా కాపురమంతా నడిచింది.

మా ఇంటి వెనక చెట్టు ఫారం నింపింది పోయిన జూలైలో. ముందు పెరట్లో మామగారి వరిక్క ఎంత గొప్పదైనా, మొదటి వాన పడగానే అన్ని పనసల్లాగే తొనల్లో నీళ్ళు చేరి చప్పబడిపోతుంది. వెనక చెట్టు కూళే, కాయ కూడా చిన్నదే, నలుగురు తింటే అయిపోయేంత. కానీ నడివానలో కోసినా తేనెలా ఉంటుంది. తొన కుంకుమ రంగు. జిగురు లేదు, చేతికి నూనె అక్కర్లేదు. అత్తగారు అరగంట సేపు ఆ చెట్టు సంగతులన్నీ చెప్పింది. ఏ నెలలో పిందె వేస్తుందో, తొడిమ వాసన చూసి పక్వం ఎలా పట్టాలో, ఏ ఏడు ఏ కొమ్మ విరిగిందో. ఏడో గడి దగ్గరికి వచ్చేసరికి మా ఆయన తలుపు దగ్గర నిలబడ్డారు.

"స్థలం ఎవరి పేర ఉంది?" అన్నారు.

"మీ పేర."

"మరి ఇంకా ఆలోచిస్తావేంటి? చెట్టు గాల్లో మొలిచిందా?"

జోయి పైలి అని రాశాను. ఆయన వెళ్ళాక అత్తగారు నా మోచెయ్యి తడిమింది. "నా పేరు రాశావా?"

"రాశానమ్మచ్చీ."

"ఏలి అనా, ఏలిక్కుట్టి అనా?"

"ఏలిక్కుట్టి అని."

ఆమె ముఖంలో సంతోషం కనిపిస్తుందనుకున్నాను. కనపడలేదు. ఏదో చేదు మింగినట్టు పెదాలు బిగించి లోపలికి వెళ్ళిపోయింది. వయసు మీదపడింది కదా అనుకున్నాను. ఆమె చదవలేదన్న ధైర్యంతోనే ఆ అబద్ధం చెప్పానని నాకు తెలుసు. అప్పటి నుంచి ఆమెకి అన్నం ముందు వడ్డిస్తున్నాను, స్నానానికి నీళ్ళు రెండుసార్లు కాస్తున్నాను, తమలపాకులు అడగకుండానే తెస్తున్నాను. తప్పు చేసిన మొగుడు మల్లెపూలు తెచ్చినట్టు. "ఏమే, ఈమధ్య నామీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చింది? నేనేమన్నా పోతున్నానా?" అని ఆమె నవ్వినప్పుడల్లా నేను గిన్నెలు సర్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

చెట్టు ఎంపికైనట్టు ఉత్తరం మా ఆయన పేర వచ్చింది. చర్చిలో అందరూ ఆయనకి చెయ్యి అందించి మెచ్చుకున్నారు. ప్రసీద మేడం, అంటే మా సర్వే చూసే ఆఫీసరు, నాకు ఫోన్ చేసి, "సోమవారం సాయంత్రం అయిదింటిలోగా ఏమన్నా మార్పులుంటే చెప్పండి రోసిలీ, బోర్డు రాయించాలి, తర్వాత మారదు" అంది. నేను ఏమీ లేవన్నాను. ఆ సోమవారం ఇదే.

ముందు పెరటి వరిక్క చెక్కల్లోంచి తొనలు లాగుతుంటే మా ఆయన కొత్త చొక్కా మడత విప్పుకుంటూ వసారాలోకి వచ్చారు. మంచి హుషారుగా ఉన్నారు.

"అమ్మచ్చీ, రకానికి పేరు అడిగారు. బాగా ఆలోచించాను. అప్పచ్చన్ పేరు పెట్టిస్తున్నా. పైలి గోల్డ్. ఎలా ఉంది?"

గింజ మీద గీకుతున్న కత్తి ఆగిపోయింది. అత్తగారు తలెత్తలేదు.

"ఆ చెట్టుకి మీ నాన్న పేరా?"

"మరి? ఈ తోటంతా ఆయన చేసిందేగా. నాలుగు కాలాలు నిలుస్తుంది." ఆయన చొక్కా భుజాలకి ఆనించి చూసుకుని, ఇస్త్రీ చేయమని నా పక్కనున్న బల్ల మీద పడేసి, బండి తీసుకుని బజారుకి వెళ్ళిపోయారు.

వాన మొదలైంది. చూరు నుంచి నీళ్ళు పడుతున్న చప్పుడు. ఇక నావల్ల కాలేదు. జిగురు చేతులు అలాగే ఒళ్ళో పెట్టుకుని చెప్పేశాను. "అమ్మచ్చీ, నేను మీ పేరు రాయలేదు. జోయి పేరు రాశాను. రాశానని మీకు అబద్ధం చెప్పాను." ఏడుపొచ్చింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను కూడా.

ఆమె గింజలన్నీ గిన్నెలోకి ఎత్తింది. "మంచిపని చేశావు" అంది.

"అదేంటమ్మచ్చీ?"

"నా పేరు రాసుంటే అది ఇంకో అబద్ధం అయ్యేది. ఆ చెట్టు నాది కాదే."

ఆమె చెప్పింది, మధ్యమధ్య ఆగుతూ, కత్తి మొనతో పీట అంచు గీకుతూ. కురుంబ అని, మా ఇంటి పొలాల్లో పనిచేసే మనిషి. వడ్లు దంచేది, పెంట ఎత్తేది, వసారా మెట్టు దాటి పైకి వచ్చేది కాదు. ఎండాకాలంలో మంచి పండ్లన్నీ ఇంటివాళ్ళు తిని, వానపడి నీరుగారాక మిగిలిన కూళ పండ్లు పనివాళ్ళకి వేసేవాళ్ళట. ఊరంతా అదే ఆచారం. "వానలో పనసపండు ఎలా ఉంటుందో మాకేం తెలుసు? మేమెప్పుడు తిన్నాం గనక? వాళ్ళు తినేది అదొక్కటే. అందుకే వాళ్ళకే తెలిసింది." ఏ వాగు ఒడ్డున దొరికిందో, నడివానలోనూ తియ్యగా ఉన్న ఒక పండు గింజల్ని కురుంబ దాచుకుంది. పాతడానికి ఆమెకి జానెడు నేల లేదు, గుడిసె కూడా మామగారి గట్టు మీదే. అందుకని వంటింటి నీళ్ళు పారే చోట, ఇక్కడ, అత్తగారిని అడిగి పాతింది. "కొచ్చమ్మా, కాస్తే మీరూ తినండి, మాకూ నాలుగు పండ్లివ్వండి" అంది. అత్తగారు సరేనంది. మూడు మొలిస్తే, కురుంబ ఆకు విరిచి చూసి రెంటిని పీకేసి ఒకదాన్ని ఉంచింది. ఏడేళ్ళు నీళ్ళు పోసింది.

"మొదటి కాపుకి కురుంబ కూతురికి ఆరో నెల కడుపు. కూతురి కోసమని కురుంబ ఒక పండు కోసింది. మీ మామగారు చూశారు. ముంగిట్లో నిలబెట్టి, పనివాళ్ళందరి ముందూ దొంగముండా అన్నారు. పండు లాక్కుని ఆవుకి వేశారు. కురుంబ నావైపు చూసింది రోసిలీ. ఒక్కసారే చూసింది. నేను ఇదిగో, ఈ గుమ్మంలోనే నిలబడ్డాను. నేనే ఇస్తానన్నానండీ అని ఒక్క మాట. నోరు రాలేదు."

"భయమేసిందా?"

"భయమే. గొడవెందుకు అనుకున్నాను." నా మాటే ఆమె నోట విన్నాను. "జోయి కూడా అరుగు మీదే ఉన్నాడు. పదమూడేళ్ళవాడు, గుర్తుండకేం? కురుంబ మళ్ళీ మన గడప వైపు రాలేదు. గుడిసె పీకించేశారు. తర్వాత ఎవరన్నా చెట్టు బాగుందంటే నేనే పాతానని చెప్పడం మొదలుపెట్టాను. నలభై ఏళ్ళు చెప్తే నిజమనే అనిపిస్తుంది. నువ్వు పేరు రాశానన్న రోజున మాత్రం అన్నం సహించలేదు."

ఇంతకాలం నేను ఆమెకి చేసిన అన్యాయాన్ని మోస్తూ తిరిగాను. అందులో నాకు తెలియని సుఖం ఒకటి ఉందని అప్పుడు అర్థమైంది. ఆమె ముసలిది, చదువురానిది, కొడుకు చేతిలో మోసపోయింది; నేను ఆమె మీద జాలిపడే మంచిదాన్ని. ఇప్పుడు ఆ జాలి పెట్టుకోవడానికి చోటు లేదు. ఇరవై ఏడు వానాకాలాలు నేను ఆ చెట్టు పండు తిన్నాను. ఇది ఎక్కడిదని ఒక్కనాడూ అడగలేదు. ఊళ్ళల్లో నూట పదకొండు చెట్ల పుట్టుక అడిగినదాన్ని, నా ఇంట్లో దాని గురించి ఆమె చెప్పినంత వరకే రాసుకున్నాను. అరుగు మీది గొంతుని కాదని తలుపు చాటు గొంతుని వినడమే గొప్ప అనుకున్నాను. మెట్టు కింద నిలబడ్డవాళ్ళ గొంతు ఒకటుంటుందని తట్టనేలేదు.

"కూతురు ఎక్కడుంది?" అన్నాను.

"కొండ మీద కాలనీలో. పంకజాక్షి. టైము ఎంతయింది?"

"మూడున్నర."

"వెళ్ళు. ఈ చిప్స్ నేను తరుగుతాలే. మొద్దుల్లా ఉంటే ఉంటాయి." నేను గొడుగు తీస్తుంటే మళ్ళీ పిలిచింది. "ఉత్తచేతులతో వెళ్ళకు. వెనక చెట్టు పండు తీసుకెళ్ళు. అది వాళ్ళ వాటా. నేనిచ్చానని మాత్రం చెప్పకు. నాకా ముఖం లేదు."

ఖాళీ ఫారం ఒకటి సంచిలో పెట్టుకుని, పండు చంకన పెట్టుకుని కొండెక్కాను. దారిలో మా ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు, తీయలేదు. ఆయన ఏమంటారో నాకు తెలుసు. నీ తప్పుడు రాతకి నీ ఉద్యోగం ఊడుతుంది, నా పరువు పోతుంది, చర్చిలో తలెత్తుకోలేం అంటారు. అన్నీ నిజమే. పరువు పోవడం అంటే ఏమిటో ముంగిట్లో తిట్లు తిన్న మనిషికి తెలియాలి, మాకేం తెలుసు.

పంకజాక్షికి అరవై ఏళ్ళుంటాయి. వసారాలో కర్రపెండలం చెక్కు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"పైలిగారి కోడలివి కదూ? చెట్లు కొలిచే రోసిలివి. లోపలికి రా, తడుస్తున్నావు. మా కాలనీకి రాలేదే నీ కొలత?"

"ఇక్కడ చెట్లు లేవు కదా అనుకున్నాం."

"చెట్టుకి చోటు కావాలిగా" అని పెండలం నీళ్ళలో వేసింది.

పండు ఆమె ముందు పెట్టి, మొత్తం చెప్పాను. నేను రాసింది, మా ఆయన రాయించింది, మా అత్తగారు ఒప్పుకున్నది. క్షమించమని అడుగుదామనుకున్నాను గాని, అది కూడా ఆమె దగ్గర మళ్ళీ ఏదో తీసుకోవడమే అనిపించి ఊరుకున్నాను. ఆమె పండు ముట్టుకోలేదు.

"వానలో ఇంకా తియ్యగానే ఉందా?"

"ఉంది."

"నాకు తెలీదు. ఆ పండు అమ్మ నాకోసమే కోసింది. నేను రుచి చూడలేదు." పెండలం ముక్క ఇంకొకటి తీసింది. "పోయేదాకా అమ్మ ఇంకెవరి పెరట్లోనూ చెయ్యి పెట్టలేదు. దారిలో మామిడికాయ పడున్నా దాటుకుని వెళ్ళేది."

ఫారం తీసి, చెట్టు గురించి నాకు తెలిసిన గడులన్నీ నింపాను. ఏడో గడి దగ్గర కలం పెట్టి, "అమ్మ పూర్తి పేరు చెప్పండి చేచ్చీ" అని అక్కని పిలిచినట్టు అడిగాను.

"కురుంబ. అంతే. ఇంటిపేరు ఉండడానికి ఇల్లేది?"

రాశాను. వేళ్ళకున్న జిగురుకి కాగితం అంటుకుని, పీకితే అంచు కాస్త చిరిగింది. ఆమె ముందుకి వంగి చూసింది. చదువు వచ్చినామె, గడులన్నీ వరసగా చదువుకుంటూ అడుగు దాకా వచ్చింది.

"ఇదేంటి, కింద ఖాళీగా ఉంది?"

"నలభై ఒకటో గడి. ఇతర విశేషాలు. చెట్టు గురించి ఇంకేమన్నా ఉంటే రాయమని. ఎవరూ చెప్పరు, నేనూ గీత కొట్టేస్తాను."

"నేను చెప్తా, రాస్తావా?"

"రాస్తాను."

ఆమె కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుంది. "మా అమ్మ ఆ పండు దొంగిలించలేదు. అది రాయి."

అలాగే రాశాను, ఆమె అన్న మాట అన్నట్టే. అయిదవడానికి పది నిమిషాలుంది. ఫోటో తీసి మేడంకి పంపేముందు, ఆ గడిలో ఇంకొక వరసకి చోటు మిగిలితే, ఆమె అడగనిది ఒకటి నేనే రాశాను. దొంగిలించింది మేము.